ఎండాకాలంలో ట్రైల్ అల్ట్రాకి తయారవడం ఎలా: శివరాత్రి నుంచి మృగశిర దాకా

చిక్కమగళూరు కాఫీ తోటల్లో జరిగే మల్నాడ్ అల్ట్రా లాంటి రేసుకి, అంటే కొండదారుల్లో 50 కిలోమీటర్లు, ఆపైన పరిగెత్తే రేసుకి పేరిచ్చారనుకోండి. రేసు అక్టోబర్ ప్రాంతంలో ఉంటే దానికి పునాది వేయాల్సిన నెలలు మార్చి, ఏప్రిల్, మే. హైదరాబాద్‌లో, కర్నూలులో, ఖమ్మంలో, రెంటచింతలలో ఆ నెలలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. చాలామంది ఆ మూడు నెలలూ వదిలేసి జూన్‌లో ఒక్కసారిగా దూరాలు పెంచి, ఆగస్టుకల్లా మోకాలో పిక్కో పట్టుకుని కూర్చుంటారు. ఇంకొందరు డిసెంబర్‌లో పరిగెత్తిన పేస్‌నే (కిలోమీటరుకి పట్టే టైము) మేలో కూడా లాగాలని చూసి వడదెబ్బ అంచుదాకా వెళ్తారు.

నేను చెప్పేది ఒక్కటే. ఎండాకాలంలో కిలోమీటర్లు పోగేసే ఆలోచన పక్కన పెట్టేయండి. ఈ మూడు నెలల్లో మూడు పనులు పూర్తిచేస్తే చాలు: ఒంటిని వేడికి అలవాటు చేయడం, ఎక్కే దిగే కాళ్లు తయారుచేసుకోవడం, మీ ఒంటికి ఎన్ని నీళ్లు, ఎంత ఉప్పు కావాలో లెక్క తేల్చుకోవడం. వానాకాలంలో దూరాలు పెంచుకోవడానికి బోలెడు టైముంటుంది.

ఇదంతా ఇప్పటికే 15 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా పరిగెత్తగలిగే వాళ్ల కోసం. బీపీ, షుగర్, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు, ఒంట్లో నీటిని బయటికి పంపే మాత్రలు వాడేవాళ్లు, అలర్జీకి రోజూ మాత్ర వేసుకునేవాళ్లు (కొన్ని అలర్జీ మాత్రలు చెమటని తగ్గిస్తాయి) ముందు డాక్టర్‌తో మాట్లాడండి. ఇది మాటవరసకి చెప్తున్నది కాదు. వేడిలో పరుగుకీ ఆ మందులకీ నిజంగానే పడదు.

శివరాత్రి దాటగానే: రెండు వారాలు ఒంటికి వేడి అలవాటు

శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు కదా, అక్కడినుంచి ఉగాది దాకా ఉన్న రోజులు మనకి బంగారం లాంటివి. ఎండ ఉంటుంది, కానీ ఇంకా మనిషిని పడేసేంత ఉండదు. ఒంటిని వేడికి అలవాటు చేయాల్సింది అప్పుడే. ఏప్రిల్ చివర్లో 42 డిగ్రీలు వచ్చాక మొదలుపెట్టొద్దు.

అలవాటు అంటే లోపల జరిగేది ఇది. రోజూ ఓ గంట వేడిలో చెమట పట్టేలా కదిలితే మొదటి కొద్ది రోజుల్లోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, దాంతో అదే పనికి గుండె మునుపటికన్నా తక్కువ సార్లు కొట్టుకుంటుంది. ఆ తర్వాత చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మొత్తం మార్పు రావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మానేస్తే రెండు మూడు వారాల్లో చాలావరకు పోతుంది కూడా.

ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు గమనించాల్సిన విషయం ఇక్కడే ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకి పరిగెత్తి, ఏసీ కారులో ఆఫీసుకి వెళ్లి, ఏసీలో పనిచేసి, ఏసీలో పడుకునేవాళ్ల ఒంటికి అసలు ఎండాకాలం వచ్చిందనే తెలియదు. మేలో ఓరోజు లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా పొడవాటి పరుగు) కాస్త ఆలస్యమై ఎనిమిదిన్నర అయిందంటే వాళ్లే ముందు పడిపోతారు. పొలం పనికి వెళ్లే మనిషికి ఉన్న ఓర్పు మనకి లేకపోవడానికి కారణం ఇదే, అందులో మన తప్పేమీ లేదు, కాకపోతే ఒప్పుకుని దానికి తగ్గట్టు నడుచుకోవాలి.

ఇలా చేయండి. మార్చిలో సాయంత్రం ఐదింటికి గానీ, సెలవురోజు ఉదయం తొమ్మిదిన్నరకి గానీ బయటికి వెళ్లండి. మొదటి మూడు రోజులు 30 నిమిషాలు చాలు, ఐదు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. తర్వాత మెల్లగా గంట దాకా పెంచండి, వారానికి ఐదారు రోజులు. ఈ రెండు వారాల్లో స్పీడు అనే మాటే వద్దు, పక్కనున్న వాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత మెల్లగా వెళ్లాలి. నీడలో ఉష్ణోగ్రత 38 దాటిన రోజు వద్దు, మానేయండి. రెండు వారాలయ్యాక వారానికి రెండుసార్లు ఇలాంటి గంట ఉంచుకుంటే ఆ అలవాటు నిలుస్తుంది. మిగతా పరుగంతా చల్లటి వేళల్లోనే.

వాచీలో పేస్ తీసేయండి

వాచీ స్క్రీన్ మీద పేస్ కనిపించకుండా మార్చేసి, టైము, హార్ట్ రేట్ మాత్రం ఉంచండి. వేడిలో అదే పేస్‌కి గుండె నిమిషానికి పదిపదిహేను సార్లు ఎక్కువ కొట్టుకోవడం మామూలే, చర్మాన్ని చల్లబరచడానికి రక్తం అటు మళ్లాలి కాబట్టి. చలికాలంలో మీ ఈజీ రన్ (తేలికపాటి పరుగు) హార్ట్ రేట్ 140 అయితే ఎండాకాలంలో కూడా 140నే హద్దుగా పెట్టుకోండి, దాటితే నడవండి. మిత్రులు పరుగుల యాప్‌లో చూసి ఏమనుకుంటారోనన్న టెన్షన్ వద్దు. ఎలాగూ ట్రైల్ అల్ట్రాలో నిటారు ఎత్తు వస్తే ముందు వరుసలో ఉన్నవాళ్లు కూడా నడుస్తారు, కాబట్టి చురుగ్గా నడవడం కూడా ప్రాక్టీస్ చేయాల్సిన విద్యే.

లాంగ్ రన్‌ని కూడా గంటల్లోనే అనుకోండి. "ఈ శనివారం 28 కిలోమీటర్లు" అనుకుంటే ఎండెక్కినా ఆపబుద్ధి కాదు. "మూడు గంటలు" అనుకుంటే మూడు గంటలు అయిపోగానే ఇంటికొస్తారు.

ఏప్రిల్: ఎప్పుడు, ఎక్కడ

తెల్లవారుజామే మేలు. సాయంత్రం చల్లబడుతుంది కదా అని చాలామంది అడుగుతారు. గాలి చల్లబడుతుంది గానీ రాయి చల్లబడదు. హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టల మీద ఏప్రిల్‌లో సాయంత్రం ఏడింటికి, పొద్దుగుంకాక, బండ మీద అరచెయ్యి ఆనించి చూడండి, కాసేపు కూడా హాయిగా ఉంచలేరు. పొద్దంతా తాగిన వేడిని ఆ బండ కాళ్ల మీదకీ మొహం మీదకీ వదులుతూనే ఉంటుంది. అదే బండ తెల్లారి ఐదింటికి చల్లగా, పడుకోవాలనిపించేలా ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలు చాలావరకు ఇలాంటి గ్రానైట్ రాయే కాబట్టి ఈ తేడా చాలా ఉంటుంది.

మేలో హైదరాబాద్‌లో సూర్యోదయం ఐదూ ముప్పావు ప్రాంతంలో. లాంగ్ రన్ నాలుగింటికి మొదలుపెట్టి ఏడున్నరకి, మహా అయితే ఎనిమిదికి ముగించాలి. అంటే ముందురోజు రాత్రి తొమ్మిదికి పడుకోవాలి. రాత్రంతా కరెంటు పోయి నిద్రపట్టకపోతే తెల్లారి లాంగ్ రన్ మానుకోండి, నిద్రలేని ఒళ్లు వేడిని తట్టుకోలేదు.

చీకట్లో హెడ్‌ల్యాంప్ తప్పనిసరి. ఎండాకాలం రాత్రిళ్లు పాములు తిరిగే వేళ, రక్తపింజర దారి మీదే పడుకుని ఉంటుంది, అడుగు చప్పుడుకి తప్పుకోదు కూడా. వెలుతురు వచ్చేదాకా వెడల్పాటి మట్టిరోడ్డు మీద ఉండి, తెల్లారాక సన్నటి బాటలోకి దిగండి. ఒంటరిగా వెళ్లొద్దు, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి చూసి వానాకాలంలో మురిసిపోయినవాళ్లు ఏప్రిల్‌లో వెళ్తే గుర్తుపట్టలేరు. అది ఆకురాల్చే అడవి. నీడ ఉండదు, పైగా బాటంతా ఎండుటాకులు పరుచుకుని కింద రాళ్లు కనపడవు, చీలమండ మెలికపడేది అక్కడే. అడుగులు చిన్నవి చేసుకుని, పాదం కాస్త పైకెత్తి వేయండి. నిప్పు రవ్వ పడితే అంటుకునే కాలం, కాబట్టి పొయ్యి, సిగరెట్ ఏమీ వద్దు. రిజర్వ్ ఫారెస్ట్ అయితే అనుమతి అడిగే వెళ్లాలి. గుట్టల దగ్గర పల్లేరుకాయలు ఉంటాయి, మెత్తటి సోల్‌లో నుంచి గుచ్చుకుంటాయి, కాస్త గట్టి సోల్ ఉన్న ట్రైల్ షూ వేసుకోండి.

ఎండాకాలంలో వాగుల్నీ కుంటల్నీ నమ్ముకోవద్దు. దూరం వెళ్లి తిరిగొచ్చే దారి కన్నా ఐదారు కిలోమీటర్ల చుట్టు ఎంచుకుని, మధ్యలో బండి ఆపిన చోట నీళ్ల క్యాన్, థర్మాకోల్ పెట్టెలో ఐసు పెట్టుకోండి. ప్రతి చుట్టుకీ అక్కడికే వస్తారు, సీసా నింపుకుంటారు, ఒంట్లో బాగోలేకపోతే అక్కడే ఆగిపోతారు. కాటన్ తువ్వాలులో గుప్పెడు ఐసు వేసి చుట్టి మెడకి కట్టుకోండి. అమెరికాలో జూన్ చివర్లో జరిగే వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ల రేసులో లోయల్లోని వేడికి పెద్ద పెద్ద రన్నర్లు కూడా చేసేది ఇదే పని.

విశాఖలో కంబాలకొండ వైపు, విజయవాడ కొండల మీద పరిగెత్తేవాళ్ల సంగతి వేరు. అక్కడ డిగ్రీలు తక్కువగా కనిపించినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. నలభై లోపే కదా అని ధైర్యపడొద్దు, ఇంకా మెల్లగా వెళ్లండి.

మెట్లు

ఎండ ముదిరాక గుట్టలకి వెళ్లడం కుదరని రోజుల్లో అపార్ట్‌మెంట్ మెట్లే మీ కొండ. పది అంతస్తులు ఎక్కితే దాదాపు 30 మీటర్ల ఎత్తు. పదిసార్లు ఎక్కి దిగితే 300 మీటర్లు, ఒక గుట్ట. ఎక్కడం కన్నా దిగడం మీద శ్రద్ధ పెట్టండి. రేసులో 35వ కిలోమీటర్ తర్వాత తొడలు చచ్చుబడేది దిగుడులోనే, ఆ కండరాలు సాగుతూ బరువు ఆపాల్సి వస్తుంది కాబట్టి. లిఫ్ట్ ఎక్కొద్దు, మెట్లు మెల్లగా, రైలింగ్ పట్టుకోకుండా దిగండి. మొదటి వారం నాలుగు సార్లతో ఆపేయండి, లేదంటే రెండు రోజులు కుర్చీలోంచి లేవలేరు. వారానికి ఒకసారి చాలు, నెలాఖరుకి పదికి తీసుకురండి. మెట్ల దారిలో గాలి ఆడకపోతే కిటికీలున్న వైపు మెట్లు చూసుకోండి.

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉన్నాయి కదా, అక్కడ ప్రాక్టీస్ చేయొచ్చా అని అడుగుతుంటారు. దర్శనానికి వెళ్లినప్పుడు నడిచి ఎక్కండి, కాళ్లకి మంచిదే. భక్తుల మధ్య స్టాప్‌వాచ్ పెట్టి పరిగెత్తడం మాత్రం నాకు సబబు అనిపించదు.

నీళ్ల లెక్క, ఉప్పు లెక్క

గంటకి ఎన్ని నీళ్లు తాగాలి అన్న ప్రశ్నకి అందరికీ ఒకే జవాబు లేదు. ఒకరికి గంటకి అర లీటరు చెమట పడితే ఇంకొకరికి రెండు లీటర్లు పడుతుంది. మీది ఎంతో తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న తూకం మిషన్ చాలు.

పరుగుకి ముందు మూత్రానికి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా బరువు చూసుకోండి. సరిగ్గా గంట పరిగెత్తండి, తాగిన నీళ్లు కొలిచి తాగండి. వచ్చాక ఒళ్లు పూర్తిగా తుడుచుకుని మళ్లీ తూగండి. ముందు 68 కిలోలు, తర్వాత 67.2, మధ్యలో తాగింది అర లీటరు అయితే, తగ్గిన 800 గ్రాములకి ఆ 500 కలిపితే మీ చెమట గంటకి 1.3 లీటర్లు. ఇది మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, మేలో ఒకసారి చేసి కాగితం మీద రాసుకోండి, అలవాటు పడ్డకొద్దీ చెమట పెరుగుతుంది కాబట్టి పాత లెక్క పనికిరాదు. పోయిందంతా వెంటనే తాగాలని లేదు, కడుపు గంటకి అంత పట్టదు కూడా. పరుగు ముగిసేసరికి బరువు రెండు మూడు శాతం కన్నా ఎక్కువ తగ్గకుండా చూసుకుంటే చాలు.

బరువు పెరిగిందంటే మాత్రం అది ప్రమాదం. ఉప్పు లేని నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది: వేళ్లు ఉబ్బుతాయి, ఉంగరం బిగుస్తుంది, వాంతి వస్తున్నట్టుంటుంది, తలనొప్పి, తికమక. అది చూసి నీళ్లు చాలలేదేమో అని ఇంకా తాగిస్తారు, అక్కడే ప్రాణం మీదకి వస్తుంది. దాహమేస్తే తాగండి, చెమట లెక్క మించి తాగకండి.

ఉప్పు సంగతికి వస్తే, నల్ల టీషర్ట్ వేసుకుని రెండు గంటలు పరిగెత్తి ఆరబెట్టండి. వీపు మీద, టోపీ అంచున తెల్లటి చారలు దట్టంగా కనిపిస్తే మీ చెమటలో ఉప్పు ఎక్కువ. గంట దాటే పరుగులకి లీటరు నీళ్లలో పావు టీస్పూన్ ఉప్పు (అందులో దాదాపు 500 నుంచి 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది), రెండు మూడు చెంచాల పంచదార, ఒక నిమ్మకాయ. చారలు ఎక్కువ పడేవాళ్లు ఇంకాస్త పెంచుకోవచ్చు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది గానీ సోడియం తక్కువ, చిటికెడు ఉప్పు వేసుకుని తాగండి. ఓఆర్ఎస్ కొంటే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్టే కొనండి, దాని మీద రాసినట్టే లీటరు నీళ్లలో పూర్తి ప్యాకెట్ కలపండి. ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడైన తియ్యటి డబ్బా పానీయాలు వేరే సరుకు, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా ఆ ఫార్ములాకి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని చెప్పింది.

తిండి

రెండు గంటలు దాటే పరుగులో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. వేడిలో ఆకలి చచ్చిపోతుంది, కడుపు మొరాయిస్తుంది, అందుకే తినడం కూడా ఇప్పుడే ప్రాక్టీస్ చేయాలి. ఒక అరటిపండు దాదాపు 25 గ్రాములు. ఉప్పు చల్లిన ఉడకబెట్టిన ఆలుగడ్డ ముక్కలు, గింజ తీసిన ఖర్జూరం, బెల్లం ముక్క, చిన్న చిన్న ఉండలు చేసిన పులిహోర, ఇవి నాకు తెలిసిన చాలామందికి జెల్స్ (రన్నర్లు వాడే తియ్యటి ప్యాకెట్ గుజ్జు) కన్నా బాగా పడతాయి. చాక్లెట్ కరిగి జేబంతా పాడవుతుంది, పల్లీపట్టీ నోరు ఎండిన వేళ మింగుడుపడదు. ముందురోజు రాత్రి నూనె, మసాలా తగ్గించండి. తెల్లవారుజామున వెళ్లేముందు పల్చటి రాగి జావ ఒక గ్లాసు. తిరిగొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ, చద్దన్నం, పెరుగు, రెండు గుడ్లు. ముంజలు, పుచ్చకాయ మధ్యాహ్నం తినండి, పరుగుకి ముందు వద్దు.

నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పరుగుకి ముందుగానీ మధ్యలోగానీ వేసుకోకండి. నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి. పరుగు తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి.

రోహిణి కార్తె: తగ్గండి

మే 25 నుంచి జూన్ మొదటి వారం దాకా రోళ్లు పగిలే ఎండలంటారు. ఈ రెండు వారాలూ పరుగు సగానికి తగ్గించండి. 40 నిమిషాల ఈజీ రన్‌లు, ఫ్యాన్ కింద మెట్లెక్కినట్టు బల్ల మీదకి ఎక్కి దిగడం, స్క్వాట్స్ (గుంజీళ్లు), ఒక కాలు ముందుకేసి కిందికి వంగే వ్యాయామం, పిక్కల వ్యాయామాలు. వాతావరణ శాఖ వడగాల్పుల హెచ్చరిక ఇచ్చిన రోజు లాంగ్ రన్ లేదు, అంతే. నాలుగు రోజులు హార్స్‌లీ హిల్స్ లాంటి చోటికి వెళ్లగలిగితే మంచిదే, అక్కడ పొద్దున పూట హాయిగా ఎక్కి దిగొచ్చు. అరిజోనాలో ఉన్న మనవాళ్లకి ఇది కొత్త కాదు, ఫీనిక్స్‌లో తీవ్రమైన వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో కామెల్‌బ్యాక్ కొండ బాటల్ని పగటిపూట నగర అధికారులే మూసేస్తారు. మన గుట్టలకి గేటు ఉండదు కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి.

జ్వరం వచ్చి తగ్గిన వారం, విరేచనాలైన రెండు మూడు రోజులు, ముందురోజు మందు తాగిన ఉదయం కూడా వేడిలో పరుగు వద్దు.

వడదెబ్బ గుర్తులు, చేయాల్సిన పని

ఈ భాగం మీతో పరిగెత్తే వాళ్లందరికీ చదివి వినిపించండి. వడదెబ్బ తగిలిన మనిషికి చెమట ఆగిపోతుందని మనం చిన్నప్పటినుంచి విన్నాం. పరిగెత్తుతూ వడదెబ్బ తగిలినవాళ్లకి ఒళ్లంతా చెమట కారుతూనే ఉండొచ్చు. చూడాల్సింది మనిషి తీరు. తూలుతున్నారా, మాట ముద్దగా వస్తోందా, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్తున్నారా, ఊరికే కోప్పడుతున్నారా, ఎండలో వణుకుతున్నారా? అయితే ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటిందనే అనుకోండి. "బానే ఉన్నా, ఇంకో కిలోమీటరే కదా" అంటే వినొద్దు.

ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. నీడలోకి తెచ్చి, బూట్లు, చొక్కా విప్పేసి, దగ్గర్లో పొలం బోరు ఉంటే దాని కింద కూర్చోబెట్టండి, సిమెంటు తొట్టి ఉంటే మెడ దాకా అందులో ముంచి తల పట్టుకోండి. ఏదీ లేకపోతే ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోస్తూ, టోపీతోనో అట్టముక్కతోనో గట్టిగా విసురుతూ, ఐసు ఉంటే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టండి. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మాత్ర వేయొద్దు, ఈ వేడిని అది తగ్గించదు. ప్రతి నిమిషమూ విలువైనదే, అంబులెన్స్ వచ్చేదాకా పోస్తూనే ఉండండి.

తలతిరగడం, వికారం, ఒళ్లు గగుర్పొడవడం దగ్గరే ఆగిపోతే ఇంతదాకా రాదు. ఆ రోజుకి పరుగు అయిపోయినట్టే. కాస్త కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టొద్దు, రెండు రోజులు విశ్రాంతి.

మృగశిర వచ్చాక

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె మొదలై, తొలకరి పడి ఉష్ణోగ్రతలు దిగాక మీకే తేడా తెలుస్తుంది, మార్చిలో నడిచిన ఎత్తులో అదే హార్ట్ రేట్‌తో పరిగెత్తగలుగుతారు. అయినా వెంటనే దూరాలు పెంచేయొద్దు. లాంగ్ రన్‌ని వారానికి 20, 30 నిమిషాల చొప్పున పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గిస్తూ, ఆగస్టు చివరికి ఐదు గంటల పరుగుకి తీసుకురండి. శనివారం లాంగ్ రన్ చేసి ఆదివారం అలసిన కాళ్లతో గంటన్నర గుట్టల్లో తిరగడం అప్పుడు మొదలుపెట్టండి. వానకి నాచుపట్టిన బండలు జారుతాయి. ఎండకి గట్టిపడి అరిగిన షూ సోల్ తిప్పి చూసి, గాడులు కనిపించకపోతే కొత్తవి కొనుక్కుని, రేసుకి ముందే వాటితో రెండు లాంగ్ రన్‌లు పూర్తిచేయండి.